సిరొంచ దిక్కు "దండు డాక్టరు పాదిరి": సర్జన్‌గా పనిచేసినాయన మెథడిస్టు పాదిరి కావడం ఆ రోజుల్లో జరిగేదేనా?

ప్రాణహిత ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో మరాఠీ, ఏటి అవతల కాళేశ్వరం గుడి గంట వినపడేంత దగ్గర. చాలా రోజులుగా మనసులో ఉన్న ఒక సంగతి అడుగుదామని రాస్తున్నాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మా నాన్న వాళ్ల నాయనమ్మ (ఇంట్లో అందరం ముసలమ్మ అనే అంటాం) చిన్నపిల్లగా ఉన్నప్పుడు కాలికి నారికురుపు లేచి మంచం పట్టిందట. నడవలేదు, కాలు గుమ్మడికాయలాగా వాచింది, ఇంక ఈ పిల్ల కుంటిదే అని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. అప్పుడు మిషన్ దొర ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చి, కురుపులోంచి బయటికి వచ్చిన నారిని (దారంలాంటి పొడుగాటి పురుగు) సన్నటి పుల్లకు చుట్టి, రోజుకు ఇంత అని తిప్పుతూ, తెగిపోకుండా మొత్తం లాగేశాడు. పదిహేను రోజులో, ఇరవై రోజులో పట్టిందని చెప్పుకుంటారు. ఆఖరి రోజు ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, ఆ తర్వాతే మా ఇల్లు క్రైస్తవంలోకి వచ్చింది. ఇదంతా 1890 ల మాట అయి ఉండాలి.

ముసలమ్మ ఆ దొర గురించి ఒక మాట ఎప్పుడూ చెప్పేదట: "ఆయన ముందు దండులో డాక్టరు. లడాయిలో సిపాయిల కాళ్లు చేతులు కోసినాయన. మత్తు లేకుండ కోసిండు. ఆ పాపం పోవాలని పాదిరైండు." మా మేనత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి, ఈ మాట ఇప్పటికీ ముసలమ్మ గొంతుతోనే చెబుతుంది.

మా దగ్గర పాత తెలుగు బైబిల్ ఒకటి ఉంది, దాని చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో "డాక్టరు దొరగారి చేత బాప్తిస్మము" అని ఉంది. పేరు లేదు, తారీఖు లేదు. కింద ఇంకా ఏవో వరసలు ఉన్నాయి కానీ మాసిపోయాయి.

ఈ డిసెంబరులో మా చర్చి వాళ్లు పాత కుటుంబాల సంగతులతో చిన్న పుస్తకం వేస్తున్నారు, మా ఇంటి పేజీ నన్ను రాయమన్నారు. బడిలో పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని, తెలిసీ తెలియక అబద్ధం అచ్చు వేయిస్తే రేపు అదే నిజమైపోతుంది. అందుకే టెన్షన్. సైన్యంలో సర్జన్‌గా చేసిన మనిషి మెథడిస్టు పాదిరి కావడం అప్పట్లో మామూలేనా? అవ్వాలంటే ఏం చదవాలి, ఎవరు ఒప్పుకోవాలి? ఇట్లాంటి మనిషి జాడ ఎక్కడ వెతకాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

బల్లార్షా తాత:

అమ్మా, నేను బల్లార్షా కాగితం మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ణి, మా నాన్న కాలం నుంచి మెథడిస్టులం, పాత మిషన్ రిపోర్టులు చదవడం నాకున్న ఒక్క అలవాటు. మీ ప్రశ్నకు జవాబు: జరిగేదే, అదీ ఎక్కువగానే జరిగేది. ఎందుకో చెబుతాను.

అసలు మెథడిజంలోనే వైద్యం ఉంది. జాన్ వెస్లీ లండన్‌లో 1746 లోనే పేదలకు ఉచితంగా మందులిచ్చే చోటు పెట్టాడు, మరుసటి ఏడాది, అంటే 1747 లో, ఇంటి వైద్యం మీద చిన్న పుస్తకం వేశాడు, అది ఆయన బతికి ఉండగానే ఎన్నోసార్లు మళ్లీ అచ్చయింది. కాబట్టి మందుల సంచీ, బైబిల్ ఒకే గుర్రం మీద పోవడం వాళ్లకు కొత్త కాదు.

రెండోది, మెథడిస్టు పాదిరి కావడానికి ఆ రోజుల్లో సెమినరీ డిగ్రీ తప్పనిసరి కాదు. మనం ఇప్పుడు పాదిరి అంటే నాలుగేళ్లు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివి వచ్చినాయన అనుకుంటాం. అప్పట్లో ముందు తన సంఘంలో సాక్ష్యం చెప్పాలి, తర్వాత లోకల్ ప్రీచర్‌గా లైసెన్సు ఇస్తారు, అంటే తన పని తాను చేసుకుంటూ ఆదివారాలు ప్రసంగం చెయ్యొచ్చు. ఆ పని కమ్మరిదైనా, వకీలుదైనా, డాక్టరుదైనా. ఆ తర్వాత వార్షిక కాన్ఫరెన్సు, అంటే ఆ ప్రాంతం పాదిరులు ఏటా కూడే సభ, అతన్ని రెండేళ్లు పరీక్ష కింద తీసుకుంటుంది, ఆ పైన పాదిరితనంలో మొదటి మెట్టు డీకన్, ఆ పైన ఎల్డర్. ఈ మధ్యలో నాలుగేళ్ల పాటు నిర్ణయించిన పుస్తకాలు చదివి, కాన్ఫరెన్సు పెద్దల ముందు పరీక్ష ఇవ్వాలి. ఈ మెట్ల సంగతి తెలిస్తే మీ దొర కథ వేరేగా కనిపిస్తుంది. సర్జన్ ఒకరోజు కత్తి పారేసి పాదిరి అంగీ తొడుక్కున్నాడని కాదు, చాలామంది డాక్టర్లు ఏళ్ల తరబడి రెండూ చేస్తూ చేస్తూ ఒక వైపు నిలబడిపోయారు.

మూడోది మన దిక్కుకు సంబంధించింది. మన తెలుగు నేలమీద మెథడిస్టులు రెండు పాయలు, వీటిని కలిపేస్తే వెతుకులాట అంతా తప్పుతోవ పడుతుంది. ఇంగ్లండు వెస్లియన్లు సికింద్రాబాద్, మెదక్ వైపు పనిచేశారు, వాళ్ల సంఘాలు 1947 లో సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి. అమెరికా మెథడిస్టులది వేరే పాయ. విలియం టేలర్ అనే ఆయన, కాలిఫోర్నియాలో బంగారం వేట రోజుల్లో వీధిలో నిలబడి ప్రసంగించినాయన, 1870 లో మన దేశం వచ్చి 1875 దాకా బొంబాయి, మద్రాసు, హైదరాబాద్ అంతా తిరిగాడు. అమెరికా నుంచి డబ్బు రాకుండా, ఇక్కడి సంఘమే తన పాదిరిని పోషించుకోవాలన్నది ఆయన పట్టుదల. ఆ సంఘాల్లో చేరింది ఎవరు? రైల్వేవాళ్లు, తంతి ఆఫీసువాళ్లు, కంటోన్మెంట్ సిపాయిలు, సైన్యం ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు. వాళ్లలోంచే ప్రసంగికులు లేచారు. 1876 లో సౌత్ ఇండియా కాన్ఫరెన్సు ఏర్పడింది. మీ సిరొంచ మిషన్ ఈ అమెరికా పాయదే, 1981 లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా సొంత కాళ్ల మీద నిలబడింది కూడా ఇదే.

వెతకాలంటే ఊరి పేరుతో కాకుండా కాన్ఫరెన్సు పేరుతో వెతకండి. అమెరికాలో 1864 దాకా పాదిరి ఒక చోట రెండేళ్లకు మించి ఉండకూడదు, ఆ తర్వాత మూడేళ్లు, 1888 నుంచి అయిదేళ్లు. ఒక మనిషి జీవితం పదిహేను ఊళ్లలో చెల్లాచెదురైపోతుంది. కానీ ప్రతి కాన్ఫరెన్సు ఏటా మినిట్స్ (సభ రికార్డు) అచ్చు వేసేది, అందులో ఆ ఏడు పోయిన పాదిరుల గురించి ఒక్కొక్క పేరా రాసేవారు, పుట్టిన ఊరు, ముందు చేసిన పని, యుద్ధంలో ఉన్నాడా లేదా అన్నీ ఉంటాయి. న్యూజెర్సీలో మాడిసన్ అనే ఊళ్లో, డ్రూ యూనివర్సిటీ ఆవరణలో మెథడిస్టుల ఆర్కైవ్స్ ఉన్నాయి, ఈమెయిల్ పెట్టండి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది వైపు పోరాడిన యూనియన్ సైన్యంలో పనిచేసి పింఛను తీసుకున్నవాళ్ల ఫైళ్లు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

చంద్రపూర్ స్టాఫ్ నర్సు:

అక్కా, తాతగారు చర్చి వైపు చెప్పారు, నేను ఆస్పత్రి వైపు చెబుతాను. ఇరవై రెండేళ్లుగా సర్జికల్ వార్డులోనే ఉన్నాను, ఈ విషయం మీద నాకు మక్కువ.

"కాళ్లు చేతులు కోసినాయన" అన్న మాట ఆయన అమెరికా వాడైతే సరిగ్గా అతుకుతుంది. 1861 నుంచి 1865 దాకా జరిగిన వాళ్ల అంతర్యుద్ధంలో ఒక్కో రెజిమెంటుకు, అంటే నిండుగా ఉంటే దగ్గర దగ్గర వెయ్యి మందికి, ఒక సర్జన్, ఇద్దరు అసిస్టెంట్ సర్జన్లు. అప్పటి తుపాకీ గుండు మెత్తటి సీసంతో చేసింది, ఎముకకు తగిలితే ఎముక ముక్కముక్కలు అయిపోయేది, అతికించడానికి ఏమీ మిగలదు. కోసేస్తేనే మనిషి బతుకుతాడు. అందుకే అన్ని కాళ్లు చేతులు తీసేశారు, కసాయితనంతో కాదు. అయితే మత్తు లేకుండా కోశారన్నది చాలావరకు తప్పు. ఈథర్ 1846 లో, క్లోరోఫారం 1847 లో వాడకంలోకి వచ్చాయి, ఆ యుద్ధంలో ఎక్కువ ఆపరేషన్లు మత్తు ఇచ్చే చేశారు. లేనిదల్లా శుభ్రత. గాయంలో చీము పట్టకుండా కార్బాలిక్ యాసిడ్ వాడాలని లిస్టర్ అనే సర్జన్ చెప్పింది 1867 లో. ఈ సర్జన్లు ఒకరి గాయంలో పెట్టిన చెయ్యే ఇంకొకరి గాయంలో పెట్టారు, పాపం తెలియక. కోసిన కాలు బాగున్నా, చీము పట్టి మనిషి పోయేవాడు.

ఇంకో మాట. ఆ యుద్ధంలో చచ్చిపోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు రోగాలతో పోయారు, తుపాకీతో కాదు. విరేచనాలు, టైఫాయిడ్, చలిజ్వరం. అంటే సైన్యంలో సర్జన్ దినమంతా చేసే పని కోయడం కాదు, నీళ్ల విరేచనాలవాళ్లను చూడడం, క్వినైన్ పంచడం. అట్లాంటి మనిషి గోదావరి ఒడ్డు అడవిలోకి వస్తే అక్కడ కనిపించేవి తనకు బాగా తెలిసిన రోగాలే. దోమ కుడితే చలిజ్వరం వస్తుందని మాత్రం ఆయనకు కూడా తెలియదు, ఎందుకంటే రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టులో. రాస్ కూడా సైన్యం డాక్టరే, ఇండియన్ మెడికల్ సర్వీస్.

నారికురుపు దగ్గర కొంచెం ఆగాలి. పుల్లకు చుట్టి లాగడం దొరలు తెచ్చిన వైద్యం కాదు, మన పల్లెల్లో అది తరతరాలుగా తెలిసిన పని. తెగితే లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఓపిక ఉన్న చెయ్యి కావాలి, అంతే. కానీ ఈ నారి ఎట్లా వస్తుంది అన్నది, తాగే నీళ్లలో ఉండే కంటికి సరిగా ఆనని చిన్న పురుగు ద్వారా వస్తుందని, 1870 ప్రాంతంలో ఫెద్చెంకో అనే రష్యన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. అంతకుముందు చదువుకున్న సర్జన్‌కు ఇది తెలిసే వీల్లేదు. మీ అత్తయ్యను ఒక్కటే అడగండి: దొర నీళ్లు గుడ్డతో వడపోసుకోమని చెప్పాడా? చెప్పి ఉంటే, ఆయన తన పాత సైన్యం చదువుతో ఆగిపోకుండా తర్వాత కూడా వైద్యం పుస్తకాలు చదువుతూ ఉన్న మనిషి అనుకోవచ్చు. (మన దేశంలో నారికురుపు పూర్తిగా పోయిందని 2000 లో ప్రకటించారు. అది పోగొట్టింది కూడా మందు కాదు, వడపోత, మెట్లబావులు మూయడం.)

ఇంకో దారి కూడా ఉంది. "దండు డాక్టరు" అంటే అమెరికా సర్జనే కానక్కర్లేదు. బ్రిటిష్ ఇండియా సైన్యం ఆస్పత్రుల్లో సర్జన్ కింద అపోతెకరీలు, హాస్పిటల్ అసిస్టెంట్లు ఉండేవారు, మొదటివాళ్లు ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లు, రెండోవాళ్లు మనవాళ్లే. గాయాలు కట్టడం, మందులు కలపడం, చిన్న కోతలు అన్నీ వాళ్లు చేసేవారు. పల్లెటూళ్లో వాళ్లను ఎవరూ అపోతెకరీ అనరు, డాక్టరే అంటారు. తాతగారు చెప్పిన టేలర్ సంఘాల్లో ఉన్నది ఇట్లాంటి వాళ్లే కదా.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మాయ్, మాది ఒడిశా గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ ఒకటి దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, ఇప్పటికీ వీధిలో సగం తెలుగే. మా వైపు కెనడా బాప్టిస్టులు ఎక్కువ, మెథడిస్టులు కాదు, కాని డాక్టరు పాదిరి అన్న మాట మా ముసలాళ్ల నోటా ఉంది. అందుకని రాస్తున్నా.

మీ ముసలమ్మ చెప్పిన "ఆ పాపం పోవాలని" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అది చాలా అందమైన మాట, అందుకే దాన్ని పరీక్షగా చూడాలి. నాకు తెలిసిన డాక్టరు పాదిరుల జీవితాల్లో వైద్యం ముందా, పాదిరితనం ముందా అని చూస్తే చాలాసార్లు పాదిరితనమే ముందు. మన గుంటూరుకు 1842 లో వచ్చిన హేయర్ అయ్యగారు లూథరన్, ముందు పాదిరి. ఇక్కడ నాలుగేళ్లు రోగాలు చూసి, మాటతో పని కాదని తెలుసుకొని, తిరిగి అమెరికా వెళ్లి బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1847 లో ఎం.డి. అయ్యాడు, అప్పటికి ఆయనకు యాభై దాటాయి. మళ్లీ వచ్చి పల్నాడులో గురజాల దాకా వెళ్లి పనిచేశాడు. డెబ్బై ఆరేళ్ల వయసులో మూడోసారి వచ్చాడు, రాజమండ్రి మిషన్‌ను వేరే మిషన్‌కు అప్పగించబోతున్నారని తెలిసి.

అచ్చంగా మెథడిస్టు కావాలంటే హంఫ్రీ అని ఒకాయన ఉన్నాడు. 1857 తిరుగుబాటు జరుగుతూ ఉండగానే కలకత్తాలో దిగాడు, 1859 లో బరేలీలో వాళ్ల మిషన్ మొదటి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. మధ్యలో అమెరికా వెళ్లి డాక్టరై వచ్చి 1869 లో నైనీతాల్‌లో ఆడపిల్లలకు వైద్యం నేర్పే క్లాసు పెట్టాడు. క్లారా స్వెయిన్ అనే డాక్టరమ్మ బరేలీకి వచ్చింది 1870 జనవరిలో, అంటే ఆవిడ రాకముందే ఇక్కడ ఆడపిల్లలు రోగి నాడి పట్టుకున్నారు. ఈ సంగతి ఎవరూ చెప్పరు, నాకు బాధగా ఉంటుంది. ఆ క్లాసులో కూర్చున్న పిల్లల పేర్లు ఎంతమందికి తెలుసు? దొరల పేర్లు మాత్రం కాలేజీ గోడల మీద ఉంటాయి.

ఇంకో కారణం కూడా ఉంది, డబ్బు. అమెరికాలో ఊరూరూ తిరిగే మెథడిస్టు పాదిరికి 1816 నుంచి ఏడాదికి వంద డాలర్లు, అదీ సంఘం ఇస్తే. పెళ్లై పిల్లలు పుడితే చాలామంది తిరుగుడు మానేసి ఒక ఊళ్లో స్థిరపడేవారు, దానికి వాళ్ల భాషలో లొకేట్ కావడం అని పేరే ఉంది. జార్జియాలో లవిక్ పియర్స్ అనే పెద్ద మెథడిస్టు పాదిరి 1812 యుద్ధంలో సైన్యానికి చాప్లిన్, అంటే సిపాయిల పాదిరి, తర్వాత వైద్యం చదివి ప్రాక్టీసు పెట్టుకున్నాడు, మళ్లీ పూర్తిగా పాదిరి పనిలోకి వచ్చి తొంభై నాలుగేళ్లు బతికాడు. సైన్యం, మందులు, ప్రసంగం మూడూ ఒకే మనిషిలో అటూ ఇటూ కదులుతూ ఉండేవి. ప్రాయశ్చిత్తం కోసమే కానక్కర్లేదమ్మా, ఇల్లు గడవడం కోసం కూడా.

జాడల విషయానికి వస్తే, ఆయన బ్రిటిష్ ఇండియా సైన్యం మనిషైతే బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల రిటర్నులు (నమోదు పత్రాలు) లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసుకు, బెంగాలుకు, బొంబాయికి వేరువేరు వరసలుగా ఉన్నాయి. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన సర్జన్ల జాబితా మొత్తం క్రాఫర్డ్ అనే ఆయన 1930 లో పుస్తకంగా వేశాడు, పేరు దొరికితే అరగంటలో తేలిపోతుంది. అపోతెకరీలు మాత్రం అందులో ఉండరు.

ప్రాణహిత ఒడ్డు:

మీ అందరికీ ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న బడి వదలగానే అత్తయ్య దగ్గరికి వెళ్లి కూర్చున్నాను, రాత్రి తొమ్మిదైంది లేచేసరికి.

నర్సు చెల్లీ, నువ్వడిగిన ప్రశ్న అడిగాను. అత్తయ్య వెంటనే "చీర కొంగు నాలుగు మడతలు" అంది! ముసలమ్మ చచ్చిపోయేదాకా కడవ మూతికి చీర పేలిక నాలుగు మడతలేసి కట్టి నీళ్లు వంచేదట, ఎవరైనా నవ్వితే "దొర చెప్పిండు" అనేదట. నాకు ఒళ్లు జలదరించింది.

అయితే అత్తయ్య ఇంకో రెండు సంగతులు చెప్పింది, అవి విని నేను అయోమయంలో పడ్డాను. ఒకటి, ఆ దొరకు రాళ్ల పిచ్చి అట. కోట దగ్గర ఏటి ఒడ్డున చేప బొమ్మ ఉన్న రాళ్లు ఏరించుకొని మూటలు కట్టించేవాడట. రెండోది, ఇచ్చంపల్లి దగ్గర ఏట్లో రాతి కట్టడం కట్టించిన దొర కూడా ఆయనే అట. డాక్టరు, పాదిరి, రాళ్లు ఏరేవాడు, ఆనకట్ట కట్టేవాడు, ఇన్నీ ఒకే మనిషా?

బల్లార్షా తాత:

అమ్మా, ఈ పోస్టు చదివి నేను రాత్రి నిద్రపోలేదు. మీ ముసలమ్మ దొర ఒక్కడు కాదు, కనీసం ముగ్గురు నలుగురు. విడదీసి చెబుతాను.

చేప రాళ్లు నిజం. సిరొంచకు ఎగువన ప్రాణహిత ఒడ్డున ఉన్న మన కోట ఊరి సున్నపురాతిలో కోట్ల ఏళ్ల నాటి చేపలు దొరికాయి, ఆ పొరకు ప్రపంచమంతా కోట పేరే పెట్టారు. 1850 ప్రాంతంలో బెల్ అనే డాక్టరు అక్కడ తవ్వించి రాశాడు. కోట, మలేరి రాళ్ల మీద ఎక్కువ రాసిన ఇంకొకాయన స్టీఫెన్ హిస్లాప్, నాగపూర్‌లో ఈరోజుకీ ఆయన పేరుతో కాలేజీ ఉంది. హిస్లాప్ పాదిరే, కానీ స్కాట్లాండ్ ఫ్రీ చర్చి, మెథడిస్టు కాదు, డాక్టరు కాదు. 1863 సెప్టెంబరులో వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయాడు. వీళ్లకంటే ముందే మాల్కంసన్ అని మద్రాసు సైన్యం సర్జన్ నిర్మల్, ఆదిలాబాద్ గుట్టల రాళ్ల మీద రాశాడు. చూశారా, రాళ్లు ఏరిన డాక్టరు ఉన్నాడు, రాళ్లు ఏరిన సైన్యం సర్జన్ ఉన్నాడు, రాళ్లు ఏరిన పాదిరి ఉన్నాడు, ముగ్గురూ వేరు.

ఇచ్చంపల్లి కట్టడం ఇంకో కథ. 1860 లో నిజాం ఈ తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాక సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు హెడ్ క్వార్టర్ అయింది. గోదావరిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, ప్రాణహితలో దేవల్మరి దగ్గర మూడు చోట్ల రాతి అడ్డాలు దాటించే పని పెట్టారు. దాన్ని నడిపింది హేగ్ అనే మద్రాసు ఇంజనీర్ల దళం అధికారి. ఆయన సైన్యం మనిషి, పైగా మహా భక్తిపరుడు, దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలవడానికి కారణం ఆయనే. ఖర్చు పెరిగి 1871 లో పనులు ఆపేశారు, 1874 లో జిల్లానే తీసేసి సిరొంచను చాందాలో (ఇప్పటి చంద్రపూర్) కలిపారు. వేలమంది కూలీలు జ్వరాలతో పడి ఉన్న ఆ రోజుల్లో దండు డాక్టర్లను మీ ముసలమ్మ అమ్మ, అమ్మమ్మ చూసి ఉంటారు.

కాబట్టి నేను అనుకునేది ఇది. "దండు", "లడాయి", "రాళ్లు", "ఆనకట్ట" మీ ముసలమ్మ పెద్దవాళ్ల జ్ఞాపకాలు. నారి తీసిన చెయ్యి, చీర కొంగు నాలుగు మడతలు, బాప్తిస్మం ఆమె సొంత జ్ఞాపకం. హిస్లాప్ పోయి ముప్పై ఏళ్లయ్యాక పుట్టిన కథ అది, హేగ్ పనులు ఆగి ఇరవై ఏళ్లు దాటాక. పిల్ల తాను చూసిన దొరకు ఇంట్లో విన్న దొరలందరినీ తొడిగింది.

పర్లాకిమిడి మాస్టారు:

తాతగారూ, విడదీయడం బాగుంది, కానీ ఒక్క మాట ఒప్పుకోను. "దండులో డాక్టరు" అన్నది పెద్దవాళ్ల జ్ఞాపకమే అని అంత తేలిగ్గా పక్కన పెట్టొద్దు. రాళ్లకు, ఆనకట్టకు వేరే యజమానులు దొరికారు సరే. సైన్యం ఆస్పత్రిలో పనిచేసి మెథడిస్టు ప్రసంగికుడైన మనిషి ఆ రోజుల్లో హైదరాబాద్ వైపు నుంచి రావడానికి అన్ని దారులూ ఉన్నాయని మీరే పైన రాశారు. అది తెగేదాకా నిలబెట్టి ఉంచాలి. అమ్మాయ్, పుస్తకంలో అత్తయ్య చెప్పింది అత్తయ్య మాటగానే వేయండి, కింద వేరే పేరాలో కోట సంగతి, హేగ్ సంగతి తారీఖులతో వేయండి. చదివేవాళ్లు రెండూ చూస్తారు.

చంద్రపూర్ స్టాఫ్ నర్సు:

మాస్టారుగారి మాటే నాది కూడా. అక్కా, ఆ పెన్సిల్ పేజీని ఎండలో పెట్టి చూడకండి, తుడవకండి. చీకటి గదిలో కాగితం పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టినట్టుగా సెల్‌ఫోన్ లైటు వేయండి. పెన్సిల్ నొక్కిన గీతలు నీడపడి లేస్తాయి. పాత కేసు షీట్లు మేం అట్లాగే చదువుతాం. ఫోటో నాలుగు వైపుల నుంచీ తీయండి.

ప్రాణహిత ఒడ్డు:

తీశాను. మా అబ్బాయి లైటు పట్టుకున్నాడు, నేను, అత్తయ్య చదివాం. దొర పేరు లేదు.

"డాక్టరు దొరగారి చేత బాప్తిస్మము" కింద ఏడు వరసలు ఉన్నాయి. ప్రతి వరసలో ఒక ఊరి పేరు, పక్కన క్వినైన్ పొట్లాల లెక్క, తెలుగు అంకెల్లో. అంకీస దగ్గర 12, ఆసరెల్లి దగ్గర 9, కోట దగ్గర 20. చివరి రెండు ఊళ్లు ఇంకా చదవలేకపోయాం. కోట వరస పక్కన మాత్రం ఒక మాట ఉంది: "వడపోత చెప్పితిని".

చెప్పితిని. చెప్పెను కాదు. అత్తయ్య లోపలికి వెళ్లి ముసలమ్మ పెట్టె మూత తెచ్చింది, దాని లోపలి వైపు ఆమె తన పిల్లలు పుట్టిన రోజులు రాసుకుంది. క కు తలకట్టు ఎడమకు సాగదీసి రాసే అలవాటు రెండు చోట్లా ఒకటే. ఆ పేజీ రాసింది ముసలమ్మే. నారి పట్టి మంచాన పడ్డ ఆ పిల్లే పెద్దయ్యాక ఊరూరా పొట్లాలు పంచుతూ తిరిగింది, మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాన్నకు కూడా.

మా ఇంటి పేజీకి ఆమె పేరు పెడుతున్నాను. డ్రూ యూనివర్సిటీకి ఈమెయిల్ పంపాను, దొర సంగతి వచ్చాక ఇక్కడే రాస్తాను. ఆ రెండు ఊళ్ల పేర్ల ఫోటోలు రేపు పెడతాను, సిరొంచ, అహేరి వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చదివి పెట్టండి.